ఇంటా బయటా: ఒక్కడికే పిలుపు

ఊరుగాని ఊళ్లో చదువుకోబోయే పిల్లవాడికి ముందుగా ఏం కావాలని అడిగితే తండ్రి ఫీజు అంటాడు, తల్లి భోజనం అంటుంది, తాతగారు బుద్ధి అంటారు. ముగ్గురు చెప్పిందీ నిజమే. పిల్లవాడు పైకి చెప్పడు గాని అతనికి కావలసింది నాలుగోది ఒకటున్నది. సాయంత్రం క్లాసు అయిపోయి గది తాళం తీసేవేళకు ‘ఏరా, తిన్నావా?’ అని అడిగే మనిషి. ఆ మనిషి దొరికితే మిగతా మూడూ ఎలాగో సమకూడతాయి. దొరక్కపోతే, మూడూ ఉండి కూడా, దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు ‘నేనిక వెళ్లను’ అని మొండికేసి కూర్చుంటాడు.

ఈ నెల ముచ్చట ఆ నాలుగో దాన్ని గురించి. అయితే అది మన పిల్లల కథ కాదు; అమెరికాలో యూదుల పిల్లల కథ. ‘ఎక్కడి యూదులు, ఎక్కడి మనం?’ అని పాఠకులు అనవచ్చు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుతూ తరతరాలుగా కాపురాలు చేస్తున్నవాళ్లం మనం. అలాగే బతికిన మరొక జనం తమ పిల్లలకు కాలేజీలో చోటు ఎలా కల్పించుకున్నారో తెలుసుకోవడం మనకు అనవసరం కాదు. వారు సాధించిందీ ఉన్నది, చెడగొట్టుకున్నదీ ఉన్నది. రెండూ చెబుతాను.

అమెరికా కాలేజీల్లో ‘ఫ్రెటర్నిటీ’ అని ఒక ఏర్పాటు ఉన్నది. సోదర సంఘం అని అర్థం. వీటికి గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకోవడం ఆచారం. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజిలో ‘ఫై బీటా కాపా’ అని ఒకటి వెలిసింది. ఆ పేర్లకు అదే నాంది. 1825లో న్యూయార్కు రాష్ట్రంలోని యూనియన్ కాలేజిలో ‘కాపా ఆల్ఫా’ పుట్టిన తర్వాత ఈ సంఘాలు ఒక కాలేజి నుంచి మరొక కాలేజికి పాకినవి. క్రమంగా చాలా సంఘాలకు కాలేజి దగ్గర సొంత ఇళ్లు ఏర్పడినవి. సభ్యుల బస అందులోనే, భోజనం అందులోనే.

చేర్చుకునే పద్ధతి ఇది. ఏటా కాలేజి తెరవగానే పాతవాళ్లు కొత్తవాళ్లను విందుకు పిలిచి, మాట్లాడించి, ఎగాదిగా చూసి, నచ్చినవాడికి పిలుపు పంపుతారు. పిలుపు అందుకున్నవాడు కొన్ని వారాలు ఉమేదువారీ చేయాలి. పూర్వం మన కచేరీల్లో జీతం లేకుండా పని నేర్చుకునే ఉమేదువార్లు ఉండేవారని పెద్దలు చెబుతారే, అలాగన్నమాట. తర్వాత ప్రమాణం చేయించి, బ్యాడ్జి తగిలించి సోదరుడంటారు. చందా కట్టాలి, మీటింగులకు రావాలి, ఇంటి పనులు పంచుకోవాలి. చదువు ముగించి వెళ్లిపోయినా సభ్యత్వం పోదు. బతికినంత కాలం ఉంటుంది.

పైకి చూస్తే ఇందులో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ఆ పిలుపులో ఉన్నది. కాలేజీలో నాయకత్వం, ఆటల జట్లు, నాట్యాలు, తర్వాత ఉద్యోగాలకు సిఫార్సులు చాలాచోట్ల ఈ ఇళ్ల చుట్టూనే తిరిగేవి. పిలుపు రానివాడు క్లాసులో విద్యార్థే గాని, కాలేజీలో పరాయివాడు.

1881 మొదలు 1924 దాకా రష్యా సామ్రాజ్యం నుంచి, ఆస్ట్రియా-హంగరీ నుంచి, రుమేనియా నుంచి సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా చేరారు. అక్కడి అల్లర్లకు, దారిద్ర్యానికి తాళలేక వచ్చినవారు. ఎక్కువమంది న్యూయార్కులో దిగి బట్టలు కుట్టే పనుల్లోను, చిల్లర వ్యాపారాల్లోను కుదురుకున్నారు. తండ్రి కుట్టుమిషను మీద వంగితే కొడుకు పుస్తకం మీద వంగాడు. న్యూయార్కు సిటీ కాలేజిలో ఆ రోజుల్లో ఫీజు లేదు. పేద యూదుల పిల్లలు ఆ గుమ్మం ఎక్కారు. కొంచెం చేతనైనవారు కొలంబియాకు, న్యూయార్కు విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

పరీక్ష పాసై లోపలికి వెళ్లారే గాని సోదర సంఘాల గుమ్మం వారికి తెరుచుకోలేదు. కొన్ని సంఘాల నిబంధనల్లోనే సభ్యుడు తెల్లవాడూ క్రైస్తవుడూ అయి ఉండాలని రాసుకున్నారు. మరికొన్నిట్లో అలా రాసి లేదు. అయినా జరిగేది అదే. ఫైళ్లతో సంసారం చేసేవాణ్ణి గనుక ఒక మాట చెబుతాను. రాసిన రూలుకంటె రాయని రూలు గట్టిది. రాసినదానికి అప్పీలున్నది. రాయనిదాన్ని ఏ పేజీలో చూపించి అప్పీలు చేస్తాము?

అప్పుడు వారు తమ ఇళ్లు తామే కట్టుకున్నారు. 1895లో యేల్ విశ్వవిద్యాలయంలో మతభేదం పాటించని సంఘంగా ‘పై లాంబ్డా ఫై’ బయలుదేరింది. 1898 డిసెంబరు 29న కొలంబియాలో సెమిటిక్ భాషల ఆచార్యుడు రిచర్డు గొట్‌హైల్ న్యూయార్కు కాలేజీల యూదు విద్యార్థులను కూడగట్టాడు. సీయోనుకు న్యాయం వల్లనే విమోచన అని అర్థం వచ్చే హీబ్రూ మాటల మొదటి అక్షరాలే ఆ సంఘానికి పేరు. కొద్ది ఏళ్లకు అవే అక్షరాలు గ్రీకు వేషం వేసుకుని ‘జీటా బీటా టౌ’ అయినవి. లోపల హీబ్రూ, పైన గ్రీకు! ఇంట్లో ఒక పేరు, ఆఫీసు రిజిస్టర్లో ఒక పేరు ఉన్న మనవాళ్లకు ఇది వింతగా తోచదు.

నాకు అన్నిటికంటె నచ్చింది 1913 నాటి ముచ్చట. చార్లెస్ మాస్కొవిట్జ్ అనే కుర్రవాడు సిటీ కాలేజి నుంచి న్యూయార్కు విశ్వవిద్యాలయపు కామర్సు శాఖకు మారాడు. చురుకైనవాడు కాబోలు, అక్కడి సోదర సంఘం ఒకటి అతన్ని రమ్మని పిలిచింది. యూదుడికి అలాంటి పిలుపు రావడమే గొప్ప. అతను ఒక్క ప్రశ్న వేశాడు: నా స్నేహితులు కూడా రావచ్చునా? వారూ యూదులే. పిలుపు నీ ఒక్కడికే అని జవాబు వచ్చింది. అయితే వద్దన్నాడు. అతనూ మరో పదిమందీ కలిసి ఒక జర్మను భోజనశాలలో కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1913 నవంబరు 7న ‘ఆల్ఫా ఎప్సిలాన్ పై’ అన్న పేరుతో సంఘం పుట్టింది. 1917లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో రెండో శాఖ ఏర్పడింది. ఈనాడు అమెరికా, కెనడా, బ్రిటన్, ఇజ్రాయెల్ దేశాల్లో కలిపి వందకు పైగా విద్యాలయాల్లో దాని శాఖలున్నవి. మాస్కొవిట్జ్ తర్వాతి కాలంలో లోస్ అనే పెద్ద సినిమా కంపెనీలో ఉన్నతాధికారి అయ్యాడు.

‘ఒక్కడివే రా’ అన్న పిలుపు ఎంత తియ్యనిదో, అంత చేదైనది. అది పొమ్మనడంకంటె ప్రమాదం. పొమ్మంటే పదిమందీ ఒకచోట చేరతారు. ఒక్కణ్ణే రమ్మంటే, తెలివైనవాడు, రూపసి, మాటకారి ఒక్కొక్కడే జారుకుంటాడు. మిగిలినవారు మరింత ఒంటరివారవుతారు. ఇలా జారుకున్నవారు మన వీధుల్లో లేరా? ‘వాళ్లు తెలుగువాళ్లని ఇన్నేళ్లూ తెలియనే లేదండీ’ అని మనం చెప్పుకునే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు. వారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పిలుపు వచ్చినప్పుడు ‘నా స్నేహితులు?’ అని అడగాలంటే ముందు ఆ స్నేహితులంటూ ఉండాలి గదా!

ఇంతకీ ఆ ఇళ్లలో జరిగిందేమిటి? వేదాంతం కాదు, ఉపన్యాసాలు కాదు. ముఖ్యంగా భోజనం. ఒక బల్ల చుట్టూ రోజూ అదే ముఖాలు. పై క్లాసువాడు కింది క్లాసువాడికి తన పాత నోట్సు ఇవ్వడం, పరీక్షకు ముందు కూర్చోబెట్టి లెక్కలు చెప్పడం. కోశాధికారి అనే పదవిలో ఇరవై ఏళ్ల కుర్రవాడు బొగ్గుకు ఎంత, రొట్టెకు ఎంత, అద్దెకు ఎంత అని పద్దులు రాయడం. మీటింగులో ఎవడేమన్నాడో మినిట్సు పుస్తకానికి ఎక్కించడం. పెద్దయిన తర్వాత యూదుల ఆసుపత్రులకు, ధర్మ సంస్థలకు నాయకులుగా నిలబడినవారిలో కొందరు మొదట పద్దు రాసింది ఇలాంటి ఇళ్లలోనే.

యూదుల సంప్రదాయంలో ఒక నియమం ఉన్నది. సామూహిక ప్రార్థనకు పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. పూర్వాచారం ప్రకారం పదిమంది మగవాళ్లు. తొమ్మండుగురు మహాపండితులైనా ఆ ప్రార్థనకు చాలరు. పదోవాడు సామాన్యుడైనా సరే, వచ్చి నిలబడాలి. వారి కొత్త సంవత్సరం, ఉపవాసదినం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సరిగా కాలేజీలు తెరిచిన రోజుల్లోనే వస్తాయి. ఒంటరిగా గదిలో ఉన్న పిల్లవాడికి ఆ రోజు ఎలా గడుస్తుంది? పదిమంది ఉన్న ఇంట్లో అది పండుగ అవుతుంది. అయితే ఆ ఇళ్లన్నీ మఠాలనుకోకూడదు. ఎన్నో ఇళ్లలో నియమాహారం లేదు, శుక్రవారం రాత్రి విశ్రాంతిదినం పాటింపు లేదు. భక్తి తగ్గినచోట కూడా పక్కనున్నవాడు మనవాడన్న భావం నిలిచింది. తల్లిదండ్రులకు మరో లాభం కనబడింది. ఆడపిల్లలు కూడా తమ సంఘాలు పెట్టుకున్నారు. 1909లో బార్నార్డు కాలేజిలో ఏడుగురు అమ్మాయిలు పెట్టిన ‘ఆల్ఫా ఎప్సిలాన్ ఫై’ వాటిలో ఒకటి. ఉభయుల విందుల్లోను సంబంధాలు కుదిరేవి. ఆ మాట వినగానే మన పాఠకురాళ్లు నవ్వుకుంటారని నాకు తెలుసు.

1920 తర్వాత కష్టాలు పెరిగినవి. యూదులు మరీ ఎక్కువమంది వస్తున్నారని పెద్ద విశ్వవిద్యాలయాలకే గుబులు పుట్టింది. 1922లో హార్వర్డు అధ్యక్షుడు లోవెల్ వారి సంఖ్యకు హద్దు పెట్టాలన్నాడు. గొడవైంది. 1923లో అధ్యాపకుల సంఘం కాదన్నది. హద్దు పేరు పోయింది గాని పని మరోదారిన జరిగింది. దరఖాస్తు ఫారాల్లో తండ్రి ఎక్కడ పుట్టాడు, మతం ఏమిటి, ఫొటో అంటించు, శీలాన్ని గురించి సిఫార్సు తీసుకురా అని పలుచోట్ల కొత్త గడులు వచ్చినవి. ఫారంలో ఒక గడి చేర్చి మనిషిని ఆపవచ్చునన్న సంగతి ఏ దేశపు గుమాస్తాకైనా తెలిసిందే. 1929 తర్వాత మాంద్యం వచ్చి చందాలు తగ్గి, ఇళ్ల మీది అప్పులు మెడకు చుట్టుకున్నవి. ఆ రోజుల్లోనే, 1933 తర్వాత జర్మనీ నుంచి తప్పించుకు వచ్చిన విద్యార్థులకు కొన్ని యూదు సంఘాలు తమ ఇళ్లలో చోటిచ్చి అన్నం పెట్టినవి. బల్ల ముందే వేసి ఉన్నది గనుక మరో కుర్చీ వేయడం సాధ్యమైంది.

ఇక చెడగొట్టుకున్న సంగతి. బయటికి నెట్టబడినవారు సొంత ఇల్లు కట్టుకున్నాక తామూ గుమ్మంలో కాపలా కూర్చున్నారు. ముందుగా వచ్చి స్థిరపడిన జర్మను యూదుల పిల్లలు, వెనక వచ్చిన రష్యా యూదుల పిల్లలను చిన్నచూపు చూశారు. యూదు సంఘాల్లోనే ఇది మొదటి తరగతి, అది రెండో తరగతి అని మెట్లు ఏర్పడినవి. వేషం బాగాలేదని, ఉచ్చారణ మొరటుగా ఉన్నదని, తండ్రికి దుకాణం లేదని పిలుపు పంపలేదు. సిటీ కాలేజికి ఇంటినుంచి నడిచి వచ్చే పేద పిల్లవాడికి చందా కట్టే స్తోమతు ఎక్కడిది? యూదుడి చేత కాదనిపించుకున్న యూదుడి బాధ, పరాయివాడి చేత కాదనిపించుకున్న దానికంటె రెట్టింపు. తర్వాత పెద్ద నవలాకారుడైన ఫిలిప్ రాత్ 1950ల మొదట్లో బక్‌నెల్ విశ్వవిద్యాలయంలో ‘సిగ్మా ఆల్ఫా మ్యూ’ అనే యూదు సంఘంలో చేరి, కొంతకాలానికి విడిచి వెళ్లాడు. అందరికీ ఆ బల్ల సరిపడదు.

ఉమేదువారీ పేరుతో కొత్తవాళ్లను ఏడిపించడం మరో జాడ్యం. మన కాలేజీల్లో ర్యాగింగు అంటున్నది అదే. ఆ దేశంలో తాగుడు కూడా కలిసి, వేర్వేరు సంఘాల్లో కుర్రవాళ్ల ప్రాణాలే పోయినవి. 1989లో జీటా బీటా టౌ వారు ఉమేదువారీనే రద్దుచేశారు. చేరినవాడు మొదటిరోజు నుంచీ సభ్యుడే అన్నారు. రూలు మారినంత మాత్రాన గుణం మారదు. అయినా ఆ రూలు రాసినందుకు వారిని మెచ్చుకోవాలి.

ఎంచి పిలిచే ఇళ్లు ఇలా ఉండగా, ఎంచకుండా పిలిచే ఇల్లు కూడా ఒకటి లేచింది. 1923లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ ఫ్రాంకెల్ అనే యువ మతగురువు ‘హిల్లెల్’ అన్న కేంద్రాన్ని ప్రారంభించాడు. ప్రాచీన కాలపు యూదు జ్ఞాని పేరు అది. మరుసటి ఏడు బ్నై బ్రిత్ అనే పెద్ద యూదు సంస్థ దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నది. ఫ్రాంకెల్ 1927లో ముప్పై ఏళ్లకే చనిపోయాడు గాని, ఆయన నాటిన మొక్క దేశమంతా పాకింది. అక్కడ ఓట్లు లేవు, ఉమేదువారీ లేదు. యూదు విద్యార్థి ఎవరైనా రావచ్చు. సోదర సంఘం దగ్గరితనాన్నిచ్చింది, హిల్లెల్ విశాలాన్నిచ్చింది. ఒకటి ఇల్లు, ఒకటి సత్రం. సమాజానికి రెండూ కావాలి. ఇల్లు ఉన్నది గదా అని సత్రం మూసేయకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తలుపు సంగతి మళ్లీ వచ్చింది. మతభేదం, జాతిభేదం పాటించే సంఘాలు కాలేజీల్లో ఉండరాదన్న ఉద్యమం లేచింది. 1953లో న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయం అలాంటి భేదాలను నిషేధించింది. మరి యూదులకే అన్న సంఘాల గతేమిటి? న్యాయం అడిగినవారు న్యాయానికి ఒప్పుకోవద్దా? 1954లో జీటా బీటా టౌ వారు మతనియమం తీసేశారు. అన్నిటి తలుపులూ తెరిచిన తర్వాత యూదుల పిల్లలు తమకు ఇష్టమైన చోటికి వెళ్లసాగారు. పాత యూదు సంఘాలు కొన్ని చిక్కిపోయి ఒకదానిలో ఒకటి కలిసినవి. 1959 నుంచి 1970 లోపల అయిదు సంఘాలు కలిసి చివరకు జీటా బీటా టౌ ఒక్కటే మిగిలింది. ఆల్ఫా ఎప్సిలాన్ పై వారు మాత్రం మాది యూదుల సంఘమేనని చెప్పుకుంటూ వచ్చారు. హిట్లరు కాలపు సంహారాన్ని స్మరించే రోజున వారి సభ్యులు కాలేజి ఆవరణలో మౌనంగా నడుస్తారు.

ఇద్దరిలో ఎవరిది రైటు? నాకు తోచింది చెబుతాను. తలుపు తెరవడం ధర్మమే. కాని తాళం మీద ఆధారపడి నిలిచిన సంఘం తాళం తీయగానే పడిపోతుంది. పొయ్యి మీద ఆధారపడి నిలిచిన సంఘం తలుపు తెరిచినా పడిపోదు. ‘బయటివాళ్లు రాకూడదు’ అన్నది సంఘానికి ఆధారం కాదు. ‘లోపల ఏం చేస్తున్నాం?’ అన్నదే ఆధారం.

మన దేశపు పిల్లలు కూడా ఈ దారి తొక్కారు. 1994లో న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయంలో ‘ఐయోటా న్యూ డెల్టా’ అని దక్షిణాసియా విద్యార్థుల సోదర సంఘం పుట్టింది. తర్వాత మరికొన్ని వచ్చినవి. మాస్కొవిట్జ్ స్నేహితులకు కావలసిందే ఎనభై ఏళ్ల తర్వాత వారికీ కావలసి వచ్చింది.

అంత దూరం ఎందుకు? సోలాపూరులోనైనా, బరంపురంలోనైనా, బెంగుళూరులోనైనా, మధురలోనైనా, యానాంలోనైనా మన సంఘాలున్నవి. ఉగాదికి పచ్చడి పెడతాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతాం, పిల్లలకు తెలుగు రావడం లేదని ఉపన్యాసం చెబుతాం. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ ఉపన్యాసం అక్కర్లేదు; కూర్చోవడానికి ఒక బల్ల కావాలి. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని గుమ్మంలో నిలబెట్టి ‘మీరేమిట్లు?’ అని అడిగే అలవాటు మనలో ఇంకా పోలేదు. ఆ ప్రశ్న విన్న పిల్లలు మళ్లీ ఆ మెట్లెక్కరు. పరాయివాళ్లు కాదంటే ఓర్చుకుంటారు. మనవాళ్లు కొలతబద్ద తీస్తే ఓర్చుకోరు.

నా సలహా చిన్నది, ఖర్చు తక్కువది. కాలేజీలు తెరిచేలోగా, ప్రతి ఊరి సంఘం ఒక రిజిస్టరు తెరవాలి. ఆ ఊరికి చదువుకు వచ్చే తెలుగు పిల్లల పేరు, కాలేజి, బస రాసుకోవాలి. ఇతర వివరాల గడి అందులో ఉండకూడదు. ఒక్కొక్క కొత్త విద్యార్థికి ఒక పాత విద్యార్థిని జతచేయాలి. నెలకొక ఆదివారం, తేదీ మార్చకుండా, సంఘం హాల్లో భోజనం పెట్టాలి. వంట పెద్దలు చూసుకున్నా పద్దు మాత్రం పిల్లల చేత రాయించాలి. తెలుగు బాగా రానివాణ్ణి పరిహాసం చేయకూడదు. తన తమిళ స్నేహితుణ్ణో, కన్నడ స్నేహితుణ్ణో వెంటబెట్టుకు వస్తే అతనికీ విస్తరి వేయాలి.

మీ ఊరి కార్యదర్శిగారికి కార్డు రాసినా, ఫోను చేసినా చాలు. మీ అబ్బాయి పేరు, అమ్మాయి పేరు ఇచ్చేటప్పుడు, మన సంఘం మొహం ఎన్నడూ చూడని పక్క వీధి తెలుగు పిల్లల పేర్లు కూడా ఇవ్వండి.